పిట్టల హాజరు

ఆలేరు స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ ఉన్న దుకాణం ఒక్కటే. చెప్పులు విడిచి లోపలికి రావాలని యజమాని రజాక్ భాయ్ నియమం. దుమ్ము పడితే మిషన్‌కు దగ్గు వస్తుందన్నంత నమ్మకంగా చెప్తాడు. ఆ మంగళవారం పొద్దున నర్సింహ చెప్పులు విడిచాడు, కాళ్లు ఒకదానికొకటి రుద్దుకున్నాడు, చేతిలో ప్లాస్టిక్ కవరును గుండెకు అదుముకుని వచ్చి అమీనా ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

ఇద్దరూ తెల్లగుట్ట బళ్లో ఒకటి నుంచి అయిదు దాకా కలిసి చదివారు. తర్వాత నర్సింహ హైస్కూలు చదివి, ఇంటర్ తప్పి, నాన్న బీరన్న గొర్ల వెంట తిరిగాడు. అమీనా పాలిటెక్నిక్‌లో మూడేళ్లు కంప్యూటర్ డిప్లొమా చేసింది. అంత చదివాక ఏడాదిగా ఆమె చేస్తున్న పని, పెండ్లి పత్రికల్లో పెండ్లికొడుకు మేనమామ పేరు జారిపోకుండా చూడడం.

నర్సింహ కవరులోంచి రెండు కాగితాలు తీసి పక్కపక్కన పెట్టాడు. ఒకటి పదో తరగతి సర్టిఫికెట్. అందులో 'పాలపిట్ట నర్సింహ' అని ఉంది. రెండోది కుల ధ్రువపత్రం. అందులో 'ఎగ్గిడి నర్సింహ' అని ఉంది.

అమీనా రెండూ చూసి పకపకా నవ్వింది. నర్సింహ నవ్వలేదు. బస్సు కండక్టర్ ఉద్యోగానికి ఎంపికయ్యాడట. శుక్రవారం నల్లగొండలో కాగితాలు చూపించాలి. పేర్లు కలవకపోతే లిస్టులో తర్వాతి వాడిని పిలుస్తారట. ఈ ఇద్దరు నర్సింహలూ ఒక్కడేనని మండలాఫీసు నుంచి కాగితం కావాలి. దానికి బడి నుంచి ఉత్తరం కావాలి. ఇప్పటి హెడ్మాస్టర్ దశరథం సార్ చిత్తు రాసిచ్చాడు, టైపు చేసి తెస్తే సంతకం పెడతానన్నాడు.

అమీనా చిత్తును మిషన్ పక్కన నిలబెట్టి టైపు చేయడం మొదలుపెట్టింది. 'అప్పటి ఉపాధ్యాయుడు కీర్తిశేషులు షేక్ మెహమూద్ గారి' వరకు వేళ్లు వాటంతటవే నడిచాయి. తర్వాతి మాట 'నిర్లక్ష్యం'. 'వలన' దాకా పోకుండా వేళ్లు ఆగాయి.

మెహమూద్ సార్ ఆమె నాన్న, ఆమె పిలుపులో అబ్బా. పోయి పద్నాలుగు నెలలు.

"నేనేం రాయమనలే అమీనా," అన్నాడు నర్సింహ కాగితం వైపు చూడకుండా. "దశరథం సారే రాసిండు. కారణం లేకుంటె కాగితం చెల్లదట."

అబ్బా అట్లా రాసే మనిషి కాడని అమీనా అంది. ఆయన పెట్టిన పిట్టల పేర్లు పిలవడానికే తప్ప రాయడానికి కాదని బళ్లో అందరికీ తెలుసు. రేపు తనే బడికి వచ్చి రిజిస్టర్ చూస్తానంది. నర్సింహ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. మంగళ, బుధ, గురువారం. మూడు వేళ్లు మడిచి పిడికిలి అట్లాగే పట్టుకుని వెళ్లిపోయాడు.

*

పిట్టల సంగతి నర్సింహలతోనే మొదలైంది. తెల్లగుట్ట నుంచి యాదగిరిగుట్ట ఎంతో దూరం లేదు. పిల్లలు పుట్టకపోయినా, పుట్టి జ్వరమొచ్చినా, బర్రె తప్పిపోయినా మొక్కు ఆ గుట్ట నర్సింహస్వామికే. మొక్కు తీరాక పుట్టినవాడు నర్సింహ. ఇరవై ముగ్గురు పిల్లల తరగతిలో ఆరుగురు నర్సింహలు. మెహమూద్ సార్ మొదటి రోజు హాజరు పట్టీ తెరిచి "నర్సింహ" అనగానే ఆరుగురు "ఉన్న సార్" అన్నారు. ఆయన రిజిస్టర్ మూసి కాసేపు కిటికీలోంచి గుట్ట వైపు చూశాడట.

మరుసటి శనివారం పిల్లలందరినీ గుట్ట మీదికి తోలుకుపోయాడు. ఎవరు ఏ పిట్టను ముందు చూసి చెయ్యి చాపితే ఆ పిట్ట వాళ్లది. హాజరు పిలిచేది ఇక ఆ పేరుతోనే. ఏడాదంతా దాన్ని చూడాలి. ఏం తింటుంది, ఎక్కడ పొదుగుతుంది, ఎప్పుడు కూస్తుంది, శనివారం శనివారం తరగతి ముందు నిలబడి చెప్పాలి. గిజిగాడు దొరికిన నర్సింహ, గూడు కట్టే పిట్ట గంటకు ఎన్నిసార్లు గడ్డిపోచ తెస్తుందో గులకరాళ్లతో లెక్కపెట్టి, దాన్ని రోజులతో గుణించి, ఎక్కాలంటే పారిపోయేవాడు కాస్తా ఎక్కాల మొనగాడయ్యాడు. ఎగ్గిడి బీరన్న కొడుకు కరెంటు తీగ మీది పాలపిట్టను చూపించాడు. "కూసున్నప్పుడు మట్టి రంగుంటది సార్, లేస్తె నీలం," అని మొదటి శనివారమే చెప్పి, సార్ చేత వీపు తట్టించుకున్నాడు.

అమీనాకు తీతువు వచ్చింది. అది కూస్తే చావుకబురు వస్తుందని ఊరి నమ్మకం. మిగతా పిల్లలు వారం రోజులు ఆమె పక్కన కూర్చోలేదు. మార్చమని ఏడిస్తే అబ్బా మార్చలేదు. సాయంత్రం నమాజు కాక ముందు గుట్ట వెనక పడావు భూమికి తీసుకుపోయాడు. తీతువు దూరంగా ఒక బండ పక్క ఎగిరెగిరి పడుతూ గొంతు చించుకుంటోంది. అమీనా అటు పరుగెత్తబోతే భుజం పట్టి ఆపాడు.

"అది యాడ ఒర్లుతదో ఆడ గుడ్లుండయి బిడ్డా. మనల్ని అటు రమ్మనే ఒర్లుతది. నువ్వు కాళ్లకాడ చూడు."

కాళ్ల దగ్గర రాళ్లే ఉన్నాయి. చాలాసేపు చూశాక వాటిలో నాలుగు రాళ్లు గుడ్లయ్యాయి. ఎత్తిన కాలు దించడానికి ఆమె భయపడితే, అబ్బా ఎత్తుకుని పక్కన దించాడు. అయినా ఆ పేరు మీద ఆమె కోపం మాత్రం పోలేదు.

*

బుధవారం అమీనా అబ్బా మోపెడ్ మీద తెల్లగుట్టకు పోయింది. అది తొక్కితే గాని బయలుదేరదు, బయలుదేరితే ఆగదు. బడి ముందు వేపచెట్టుకు ఆనించి ఆపింది.

దశరథం సార్ మంచివాడే. వచ్చి నాలుగేళ్లయింది. మెహమూద్ సార్ కూతురని తెలిసి కుర్చీ తుడిచి వేశాడు, మంచినీళ్లు తెప్పించాడు. బీరువా తలుపును మోకాలితో నెట్టి, అడ్మిషన్ రిజిస్టర్ తీశాడు. 'ఎగ్గిడి నర్సింహ, తండ్రి బీరన్న' అని అబ్బా చేతిరాతలో, ఏటవాలుగా, స్పష్టంగా ఉంది.

"చూసిన్రా," అంది అమీనా. గెలిచినట్టే అనిపించింది.

సార్ ఇంకో పుస్తకం తీశాడు. అయిదు పాసైన పిల్లలకు ఇచ్చే రికార్డు షీట్ల పుస్తకం అది. షీటు చింపి ఇస్తే సగం ముక్క పుస్తకంలో మిగులుతుంది. హైస్కూలు వాళ్లు ఈ షీటు చూసే పేరు ఎక్కించుకుంటారు. ఎనభై ఆరు ఏప్రిల్ దగ్గర సార్ వేలు ఆగింది. పాలపిట్ట నర్సింహ. కముజు నర్సింహ. గిజిగాడు నర్సింహ. గోరింక యాదలక్ష్మి. కింద ప్రతి ముక్క మీదా అబ్బా సంతకం.

"ఇరువై ముగ్గుర్ల ఇరువై ఇద్దరికి ఇంటిపేరు కొట్టుకపోయింది," అన్నాడు సార్. ఒక ఆకు తిప్పి, కాస్త ఇబ్బందిగా, "ఏమనుకోకు బిడ్డా. సొంత కూతురిది మాత్రం సక్కగ రాసుకుండు," అన్నాడు.

చివరి ముక్క మీద 'షేక్ అమీనా' అని ఉంది.

నర్సింహ తలుపు దగ్గర నిలబడి గోడ సున్నం గోకుతున్నాడు. అమీనా పుస్తకం దగ్గరికి లాక్కుంది. పాలపిట్టలో 'ల' చూసింది. తోకను అంత పొడుగ్గా, మెలి తిప్పి, చివర చుక్క పెట్టే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. దానికి అప్పుడు పదేళ్లు.

ఆ ఏప్రిల్ అబ్బాకు చలిజ్వరం. రెండు బొంతలు కప్పినా మంచం కోళ్లు టకటకలాడేవి. సెలవులిచ్చే లోపల షీట్లు నింపాలి. గుండ్రంగా రాసే కూతురిని పిలిచి, తన ఇంకు పెన్ను చేతికిచ్చి, హాజరు పట్టీ చూసి రాయమన్నాడు. పట్టీలో మొదటి గడిలో పిట్ట, రెండో గడిలో పేరు. ఆమె రెండూ కలిపి రాసింది. ఇరవై రెండు రాసి, చివరికి తన పేరు దగ్గరికి వచ్చింది. పట్టీలో తీతువు అని ఉంది. పెన్ను విదిలించి, కాసేపు ఆలోచించి, ఎవరూ చూడకుండా 'షేక్ అమీనా' అని రాసుకుంది. ఆ పూట తను చేసిన తప్పు అదొక్కటే అనుకుని వారం రోజులు భయపడింది కూడా. అబ్బా బొంతలోంచి చెయ్యి బయటపెట్టి, చూడకుండానే ఇరవై మూడు సంతకాలు గీకాడు.

దశరథం సార్ ఇంకో దస్త్రం తాడు విప్పాడు. మరుసటి ఏడు ఈ పేర్ల మీద సంజాయిషీ అడుగుతూ పై ఆఫీసు నుంచి వచ్చిన మెమో ఉంది అందులో. దాని వెనక కార్బన్ కాగితం మీద అబ్బా జవాబు. 'ఈ పొరపాటుకు నేనే బాధ్యుణ్ణి. జ్వరంలో రాసినందున సరిచూసుకోలేదు. ఇందులో మరెవరికీ సంబంధం లేదు.' ఆ కింద రెండు పంక్తుల్లో మందలింపు, ఆ ఏడు ప్రమోషన్ లిస్టులోంచి పేరు తొలగింపు.

"ఆయనే ఒప్పుకుండు. ఇగ నేను రాసిన దాంట్ల తప్పేముంది చెప్పు," అన్నాడు సార్.

అమీనా గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి, రేపు ఉత్తరం తెస్తానని లేచింది. మోపెడ్ ఆ రోజు తొక్కినా కదల్లేదు. నర్సింహ వెనక నుంచి నెట్టాడు.

*

ఇంట్లో అమ్మీ అజీజా బేగం వాకిట్లో చాప మీద చింతపండు కొడుతోంది. రాయితో ఒక దెబ్బ, చిటికెన వేలితో గింజ బయటికి. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క. అమీనా ఎదురుగా కూర్చుని ఒక కాయ తీసుకుంది.

ఎనభై ఏడులో తిరుమలగిరికి హెడ్మాస్టర్‌గా పంపిస్తామంటే అబ్బా వద్దన్నాడని ఇంట్లో చెప్పుకునేవారు. అక్కడ గుట్ట లేదని, గుట్టను విడిచి తాను పోనని అన్నాడట. పేర్లోనే గుట్ట ఉంది కదా అని అమీనా అడిగితే, పేర్ల ఉంటె ఏం లాభం, పిట్టలుండాలె అని నవ్వాడు. మెహమూద్ సార్ పిట్టల కోసం కుర్చీ వదులుకున్నాడని ఊరు కూడా మెచ్చుకునేది. అమీనా ఆ కథను హాస్టల్లో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

"గుట్ట కోసం కాదు గదా అమ్మీ?" అంది.

అమ్మీ రాయి ఎత్తి, దించకుండా కాసేపు అట్లాగే పట్టుకుంది. తర్వాత దెబ్బ వేసింది.

"గుట్ట పేరు చెప్పిండు. గుట్ట వచ్చి కాదనదు గదా."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఇగ పెన్ను ముట్టదన్నడు. రాసే చెయ్యి, బెదిరిచ్చొద్దన్నడు." గింజ తీసి పక్కన వేసింది. "నాతోని ఒట్టు వేయించుకుండు. ఇప్పుడు నువ్వే కనుక్కున్నవు, నా ఒట్టు నాకే ఉన్నది."

తర్వాత పని ఆపకుండానే మిగతాది చెప్పింది. మెమో వచ్చాక అబ్బా ఇల్లిల్లూ తిరిగాడట. దరఖాస్తులు తనే రాసి, తండ్రులు వేలిముద్ర వేస్తే చాలు పేర్లు సరిచేయిస్తానన్నాడు. మొదట బీరన్న ఇంటికి పోయాడు. బీరన్న గొంగడి పరిచి కూర్చోబెట్టి, వేలిముద్ర మాత్రం వేయనన్నాడు. దసరా నాడు ఒక్క పాలపిట్ట కండ్లబడాలని ఊరంతా చేన్లల్ల తిరుగుతాం, నా ఇంట్ల ఏడాదంత ఉంటుంటే ఎందుకు కొట్టేయిస్తవు సారూ అన్నాడట. బీరన్నే వద్దన్నాక మిగతా వాళ్లూ వద్దన్నారు. కముజు వాళ్లు ఆ పేరుతోనే రేషన్ కార్డు కూడా చేయించుకున్నారు. పోయిన మాఘంలో 'కముజు వారి పెండ్లి పిలుపు' అని పత్రిక కొట్టింది అమీనానే. ముద్దుపేరు అనుకుని, అక్షరాల పక్కన ఒక చిన్న పిట్ట బొమ్మ కూడా పెట్టింది.

"వచ్చి మస్తు నవ్విండు మీ అబ్బా," అంది అమ్మీ. "నౌకరి పెరగకున్న ఇరువై ఇద్దరి ఇండ్లల్ల పిట్టలు పెట్టిన అన్నడు."

అమీనా చేతిలో కాయ అట్లాగే ఉంది. అమ్మీ దాన్ని తీసుకుని రాయి కింద పెట్టింది.

*

గురువారం దుకాణం తెరవకముందే నర్సింహ వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. అమీనా మిషన్ పెట్టి, పాత ఉత్తరాన్ని చెరిపేసి, కొత్తది టైపు చేసింది. షీట్లు నింపింది అప్పటి అయిదో తరగతి విద్యార్థిని షేక్ అమీనా అని, హాజరు పట్టీలోని పిలుపు పేర్లను ఇంటిపేర్లనుకుని రాసిందని, పొరపాటు తనదేనని. చివర తను సంతకం చేయడానికి ఒక గీత. అచ్చు తీయకుండా తెర మీదే నర్సింహకు చూపించింది.

ఇందులో చిక్కు ఉందని కూడా చెప్పింది. దశరథం సార్ ఉత్తరం ఎవరూ ప్రశ్న అడగని ఉత్తరం. ఇది అట్లా కాదు. సర్కారు కాగితాన్ని పదేళ్ల పిల్ల రాసిందంటే ఆ షీటే చెల్లదని ఎవరైనా అడ్డం పడొచ్చు. ఉద్యోగం నర్సింహది, కాబట్టి ఏది కావాలో అతనే చెప్పాలి.

నర్సింహ మూతి మీద చెయ్యి పెట్టుకుని తెరవైపు చూశాడు. చదవడం అయిపోయినా చూస్తూనే ఉన్నాడు. రజాక్ భాయ్ వచ్చి, చెప్పులు ఎవరివని అరిచి, లోపలికి పోయాడు.

"సార్ మీద అబద్ధం రాపిచ్చి నౌకరి చేస్తె, టిక్కెట్టు చింపినప్పుడల్ల యాదికొస్తది," అన్నాడు చివరికి. "రోజుకు ఎన్ని టిక్కెట్లు చింపాలె అమీనా. ఇదే తియ్యి."

బళ్లో దశరథం సార్ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. ఒక తెల్ల కాగితం, పెన్ను అమీనా ముందు పెట్టి పాలపిట్ట అని రాయమన్నాడు. ఆమె రాసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, కాగితాన్ని పుస్తకం పక్కన పెట్టి, 'ల' మీద ఒకసారి, మరో 'ల' మీద ఒకసారి వేలు పెట్టాడు. పన్నెండేళ్లయినా ఆ తోక పొట్టిదవలేదు. సార్ సంతకం చేసి ముద్ర వేశాడు. ముద్ర ఆరేదాకా నోటితో ఊదాడు. తను నిన్న కూతురి గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని, ఉత్తరాన్ని మడిచే వంకతో, నెమ్మదిగా అన్నాడు.

మధ్యాహ్నానికి మండలాఫీసులో ఉన్నారు. కలిసి చదివిన ఇద్దరు సాక్షులు కావాలంటే నర్సింహ దొరికినవాళ్లను పట్టుకొచ్చాడు. గోడ కడుతున్నవాడు సిమెంటు చేతులతోనే వచ్చాడు, అతను గిజిగాడు. కొత్త పెండ్లికొడుకు గళ్ల చొక్కాతో వచ్చాడు, అతను కముజు.

ఆఫీసరు ఉత్తరం చదివి తలెత్తాడు. చిన్న పిల్లతో సర్కారు కాగితం రాయించడం కూడా తప్పేనని అమీనాతో అన్నాడు.

"అవును సార్," అంది అమీనా. "రాపిచ్చుడు మా అబ్బా తప్పు. రాసుడు నాది. నా తప్పుకు సుత ఆయననే పన్నెండేండ్లు నిలబెట్టిన్రు. ఇగ కూసోనియ్యున్రి."

ఆఫీసరు ఉత్తరాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఈసారి మూతి పక్కకు పోయింది, నవ్వు ఆపుకుంటున్నాడని ముందు కముజు కనిపెట్టి గిజిగాణ్ణి మోచేత్తో పొడిచాడు.

"సరే. నర్సింహ ఎవరు?"

ముగ్గురు ముందుకు వచ్చారు.

ఆఫీసరు చేత్తో ఆగమని చెప్పి, సాక్షుల పేర్లు అడిగాడు. నర్సింహ సార్. నర్సింహ సార్. గుమాస్తా రాస్తున్న పెన్ను ఎత్తి, ఇట్లయితే దరఖాస్తుదారుడెవరో సాక్షి ఎవరో తాను రాయలేనన్నాడు. తండ్రుల పేర్లు అడిగితే ఇద్దరి తండ్రులు మల్లయ్యలే. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. కిటికీ అవతల చూశాడు. అక్కడ గుట్ట లేదు, జీపు ఉంది. చివరికి ముందుకు వంగి, గొంతు సవరించుకుని, ఎవరూ వినకూడదన్నట్టు అడిగాడు.

"పాలపిట్ట ఎవరయ్యా?"

"ఉన్న సార్," అన్నాడు నర్సింహ. చెయ్యి దానంతటదే లేచింది.

ఇక దారి దొరికింది. గుమాస్తా పెద్ద రిజిస్టర్ తెరిచి సంతకాల కోసం ఒక్కొక్కరినే పిలిచాడు. కముజు అంటే ఉన్న సార్ అన్నాడు పెండ్లికొడుకు. గిజిగాడు అంటే సిమెంటు చెయ్యి లేచింది. వరండాలో పాసుపుస్తకాల కోసం కూర్చున్న రైతులు లేచి కిటికీ దగ్గరికి వచ్చారు. ముద్ర పడింది. నర్సింహ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, ఆరలేదేమోనని గాలిలో పట్టుకున్నాడు.

గుమాస్తా నాలుగో గడి దగ్గర వేలు పెట్టాడు.

"షేక్ అమీనా?"

ఆమె పెన్ను తీసుకోబోయింది. నర్సింహ అడ్డం వచ్చాడు.

"అది తప్పు పడ్డది సార్," అన్నాడు చాలా గంభీరంగా. "అందరియి తప్పు రాసి, తనది తప్పిచ్చుకుంది. ఇరువై మూడుల అదొక్కటే సరిజెయ్యాలె."

కముజు, గిజిగాడు తలలూపారు. గుమాస్తా అమీనా వైపు చూశాడు. మరి నీ పిట్ట ఏదమ్మా అన్నాడు.

"తీతువు," అంది అమీనా.

కిటికీ దగ్గరున్న ఒక ముసలాయన చప్పున ఒక అడుగు వెనక్కి వేశాడు. గుమాస్తా కూడా పెన్ను కాస్త దూరంగా పట్టుకుని, పని పనే కాబట్టి, తలవంచి పిలిచాడు.

"తీతువు అమీనా."

"ఉన్న సార్," అంది.